ఐదు పళ్ళ పట్టు

"కూర్చోండి సిస్టర్," అంది నా కోడలు. అనడం అది రెండోసారి. ఆవిడ కూర్చోలేదు.

పిల్లల వార్డు పెద్ద నర్సు ఆవిడ. మేమింకా షట్టరు పూర్తిగా ఎత్తకముందే వంగి లోపలికి వచ్చింది. కత్తిరింపు బల్ల మీద మూట పెట్టింది. మూట పక్కన ఒక దూది ఉండ పెట్టి, వేలితో విప్పింది.

దూదిలో తెల్లటి టోపీ ఒకటి ఉంది. టిచ్ బటన్ పైటోపీ. చిటికెన వేలి గోరంత ఉంటుంది.

"నిన్న సాయంత్రం నాలుగు నెలల పిల్లాడి నోట్లోంచి తీశాను దీన్ని. నాలుక పక్కన ఉంది. మందు పోద్దామని నోరు తెరిచాను కాబట్టి కనబడింది."

మా అబ్బాయి మిషన్ మీద నుంచి కాలు తీసేశాడు. గదిలో చప్పుడు ఆగిపోయింది.

"మేం కుట్టిన జాకెట్టుదేనా?" అన్నాను.

"మీరు కాక మాకింకెవరు కుడతారు మాస్టరు గారూ? పాతికేళ్ళుగా వార్డుకి మీ ఇంటి బట్టలే. మీ ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఒక్క బటన్ ఊడిందన్న మాట నేను వినలేదు."

మా ఆవిడ పోయి తొమ్మిది నెలలైంది. ఇంకా ఆవిడ చేతి మీద నమ్మకంతోనే మా గడపలోకి పని వస్తోంది. ఆ సంగతి నాకు ఎవరూ వచ్చి చెప్పనక్కర్లేదు.

"అరవై ఇచ్చారు," అంది నర్సు. "యాభై నాలుగు తెచ్చాను. చూసి సరిచేయండి. మిగతా ఆరూ పిల్లల ఒంటి మీదే ఇళ్ళకు వెళ్ళిపోయాయి. నాకు కావలసింది వాటి సంగతి. ఊడింది ఈ ఒక్కటేనా, అన్నీ ఇంతేనా? మా ఆఫీసువాళ్ళు ఒక్కటే అయితే వదిలేయమంటున్నారు. ఊరికే ఆరిళ్ళకీ ఫోన్లు చేసి తల్లులను భయపెట్టొద్దట. నిజంగా తేడా ఉంటే మీరు చెప్పండి. తొమ్మిదింటికి నేను డ్యూటీ ఎక్కగానే అదే పని చూస్తాను."

నన్నే చూస్తోంది.

టిచ్ బటన్ టోపీ కింద ఐదు పళ్ళుంటాయి. ఆ ఐదూ గుడ్డలోంచి దిగి, అవతలి వైపు గిన్నె అంచులో ఒక్కసారే ముడుచుకోవాలి. అప్పుడే పట్టు. దూదిలో ఉన్నదాన్ని నేను తిప్పి చూడలేదు. రెండు పళ్ళు ముడుచుకుని మూడు నిటారుగా నిలబడి ఉంటాయని నాకు తెలుసు. అది నేను సుత్తితో కొట్టింది. అలాంటివి ముప్ఫై ఆరు జాకెట్లకు కొట్టాను.

"మీ లాండ్రీలో మరిగే నీళ్ళలో వేస్తారు," అన్నాను. "ఆయాలు ఒక్క గుంజు గుంజి విప్పుతారు. గుడ్డ చూస్తే పల్చన. బటన్ మాత్రం ఏం చేస్తుంది?"

"పాతికేళ్ళుగా మరిగే నీళ్ళే మాస్టరు గారూ."

"ఒక్కటి తేడా వచ్చి ఉండొచ్చు."

"అంటే మిగతావి గట్టివేనా?"

"మా ఇంట్లో చేసినవి గట్టివి కాక ఏమవుతాయి?"

ఆవిడ నా మొహంలోకి ఇంకాసేపు చూసింది. కోడలు కూడా చూసింది. మా అబ్బాయి మాత్రం మిషన్ చక్రం వైపు చూస్తున్నాడు.

"మీ మాట మీద వెళ్తున్నాను," అంది నర్సు. వంగి షట్టరు కింద నుంచి బయటికి వెళ్ళిపోయింది. ఎనిమిదిన్నర అయింది.

*

కోడలు మూట విప్పింది. జాకెట్లు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పరుస్తోంది.

"ముందు ఆ ప్యాంట్లు ఇవ్వాలి. మధ్యాహ్నం వస్తానన్నాడు ఆయన," అన్నాడు మా అబ్బాయి.

"ఆయనకి ఇంకో ప్యాంటు ఉండే ఉంటుంది లెండి. ఇన్నాళ్ళూ అది లేకుండానే తిరుగుతున్నాడుగా."

"అది కాదు..."

"ఏది కాదు? ఆడలేక మద్దెల ఓడని లాండ్రీ మీద తోసేస్తే సరిపోతుందా? నోట్లోంచి తీసింది బటన్‌ని. లాండ్రీని కాదు."

నాతో అనలేదు. మొగుడితో అంది. నాకు వినబడేట్టు అంది.

నేను టేపు మెడలో వేసుకుని ప్యాంటు గుడ్డ పరిచాను. సుద్దముక్కతో గీత గీశాను. గీత వంకర పోయింది. చెరిపి మళ్ళీ గీశాను.

ఆమె ఒక్కొక్క టోపీనీ గోటితో పట్టుకుని తిప్పుతోంది. గట్టిగా కూర్చున్న బటన్ తిరగదు. తిరిగిందంటే పళ్ళు పట్టలేదన్నమాట. అది మా ఆవిడ పద్ధతి. వేసిన ప్రతిదాన్నీ తిప్పి చూసేది. తిరిగితే అక్కడే పీకేసేది. అలా పీకేటప్పుడు నేను విసుక్కునేవాణ్ణి. ఆ పద్ధతి ఈ అమ్మాయికి నేర్పి పోయింది.

తిరగనివి ఎడమ పక్క. తిరిగినవి కుడి పక్క. రెండు గుట్టలు పెరుగుతున్నాయి. నేను ఒక ప్యాంటు కత్తిరించడానికి గంటన్నర తీసుకున్నాను.

"మామయ్యా."

"ఊఁ."

"మెడ పట్టీ మీద వార్డువాళ్ళు నంబర్లు రాశారు. ఇరవై నాలుగు దాకా ఒక్క బటన్ తిరగలేదు. ఇరవై అయిదు నుంచి ప్రతి జాకెట్టుకీ ఏదో ఒకటి తిరుగుతోంది. కొన్నిటికి నాలుగూ తిరుగుతున్నాయి."

"అయితే?"

"మొదటి మూట ఇరవై నాలుగూ నేను వేశాను. తర్వాత మా అమ్మ కంటి ఆపరేషన్ అని వెళ్ళాను. రెండో మూట మీరు వేశారు."

"నేను వేస్తే ఊడతాయంటావా?"

"అలా అనలేదు. ఏ డై పెట్టారని అడుగుతున్నాను."

డై అంటే బటన్ కూర్చునే ఉక్కు అచ్చు. బటన్లు నొక్కే చేతి ప్రెస్సుకి కిందొకటి, పైనొకటి జంటగా బిగించాలి. మా ఆవిడ దగ్గర జంటలు ఒకటి కన్నా ఎక్కువే ఉండేవి.

"ఉన్నదే పెట్టాను."

"ఉన్నవి మూడు జంటలు. ఏది?"

నాకు తెలియదు. ఆ ప్రెస్సు పిడి నేను జీవితంలో ఒక్కసారి కూడా పట్టుకోలేదు. కత్తిరించేది నేను, కుట్టేది నేను. బటన్లు ఆవిడవి. లోకం నన్ను మాస్టరంది. ఆవిడను ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

"ప్రెస్సు పట్టు వదులైంది," అన్నాను. "రిపేరుకిచ్చాను."

"అటక మీద పెట్టానన్నారు కదా? నేనొచ్చిన రోజు అడిగితే, నూనె రాసి అటక మీద పెట్టాను, నువ్వు ముట్టుకోకు అన్నారు."

"అటక మీద నుంచి దించి ఇచ్చాను."

"ఎవరికి?"

"ప్రతిదానికీ నీకు లెక్క చెప్పాలా అమ్మాయ్?"

"నాకొద్దు. నోట్లో బటన్ పెట్టుకున్న పిల్లాడి తల్లికి చెప్పండి."

మా అబ్బాయి లేచాడు. "అబ్బ, ఆపండి ఇద్దరూ. నాన్నా, నువ్వు కూర్చో. నువ్వూ కాస్త నోరు తగ్గించు. ఊడిన బటన్లు మళ్ళీ వేసిస్తే అయిపోయేదానికి..."

ఆమె మొగుడి వైపు తిరిగింది. "మీరు ఇక్కడే ఉన్నారుగా. ఆ నెల్లాళ్ళూ ఈ మిషన్ మీదే కూర్చున్నారుగా. రెండో మూట వేసేటప్పుడు చప్పుడు ఎలా వచ్చింది?"

"చప్పుడేంటి?"

"ప్రెస్సు అయితే ఒక్కసారి టక్కుమంటుంది. అలాగే వచ్చిందా?"

వాడు నీళ్ళు నమిలాడు. "మిషన్ నడుస్తుంటే ఏం వినబడుతుంది?"

"పక్కవీధిలో క్రికెట్ స్కోరు వినబడుతుంది కదా మీకు."

వాడికి వినబడింది. రెండు రోజులు ఆ బల్ల మీద సుత్తి మోగింది. బటన్ల పాకెట్టుతో పాటు ఒక చిన్న కడ్డీ, బిళ్ళంత గిన్నె ఇస్తారు. ఇంట్లో ఒకటీ అరా వేసుకునేవాళ్ళకి. గిన్నెలో టోపీ పెట్టి, పైన కడ్డీ నిలబెట్టి కొట్టడమే. నేను నూట నలభై నాలుగు అలా కొట్టాను. మా అబ్బాయి తలెత్తి ఒకసారి చూశాడు. నేనూ చూశాను. మళ్ళీ ఎవరి పని వాళ్ళం చేసుకున్నాం. గోడ మీద పిల్లి వాడు. ఎటూ దూకడు. వాణ్ణి అలా పెంచింది నేనే.

"ఎక్కడుంది మామయ్యా ప్రెస్సు?"

"జిప్పుగాడి దగ్గర," అన్నాను.

ఆమె నంబర్లు చూసి కుడిగుట్టలోంచి రెండు జాకెట్లు తీసింది. బటన్ల పాకెట్టు సంచిలో వేసుకుంది. చెప్పులు వేసుకుంది. మేం వస్తున్నామో లేదో చూడలేదు.

*

జిప్పు బ్యాగులు కుడతాడు. వీధి చివర దుకాణం. నోరు మూయడు కాబట్టి వాడికి ఆ పేరు పెట్టారు.

"రా అన్నా, రా! ఏంటి, ఇల్లంతా కట్టకట్టుకుని వచ్చారు? ఇంటికి తాళం వేశారా, తాళం కూడా తెచ్చేశారా?"

ఎవరూ నవ్వలేదు. వాడే నవ్వుకున్నాడు.

ప్రెస్సు వాడి బల్లకి నాలుగు బోల్టులతో బిగించి ఉంది. పిడికి ఎర్ర గుడ్డ చుట్టాడు. మా ఆవిడ చేతిలో ఆ పిడి నున్నగా, నల్లగా ఉండేది. కోడలు దాని మీద చెయ్యి వేసింది.

"రిపేరు అయిపోయిందా బాబాయ్?"

"రిపేరేంటమ్మా? దీనికేం రోగం? గుండ్రాయిలా ఉంది. మీ మామ నాకు ఇచ్చేశాడుగా!"

"ఇచ్చేశారా?"

"ఊరికే ఇచ్చాడు. నేనే నమ్మలేదు. 'తీసుకెళ్ళరా, ఇంట్లో దీన్ని వాడేవాళ్ళు ఎవరూ లేరు' అన్నాడు. మీ అత్త బంగారం లాంటి మనిషి, ఆమె వస్తువు వద్దన్నా అన్నాను. బల్ల మీద పడేసి పోయాడు."

కోడలు చెయ్యి పిడి మీదే ఉంది. "ఎప్పుడు?"

"రెండు నెలలు కాలేదూ? నువ్వు మీ అమ్మగారి ఊరు వెళ్ళావే, ఆ మర్నాడే. మీ ఆయన నిన్ను బస్సెక్కించి వస్తూ ఇక్కడే టీ తాగాడు. ఆ తర్వాతి రోజు."

"రెండో మూట మేం వార్డుకిచ్చి ఇరవై రోజులు," అంది కోడలు. ఎవరితోనూ కాదు.

దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాను. మా అబ్బాయి దుకాణంలో వేలాడుతున్న ఒక స్కూలు బ్యాగు జిప్పు లాగుతున్నాడు, పెడుతున్నాడు, లాగుతున్నాడు.

"ఎవరూ లేరా మామయ్యా?" అంది. గొంతు పెంచలేదు. "ఇరవై నాలుగు జాకెట్లు దాని మీద వేసి, ఎక్కిన బస్సు ఇంకా ఊరు దాటకముందే, ఎవరూ లేకుండా పోయానా?"

చెప్పాల్సింది ఒకటుంది. నేను చెప్పలేదు.

ఆమె మొదటి మూట వేసిన రోజు నేను దారాలు కొనుక్కుని వస్తున్నాను. మెట్ల దగ్గరికి వచ్చేసరికి లోపల్నుంచి ప్రెస్సు చప్పుడు వచ్చింది. టక్. కాసేపు ఆగి, టక్. ఆ ఆగడం కూడా అదే. మెట్లు ఎక్కేంతసేపూ నా భార్య బతికే ఉంది. గదిలోకి వచ్చి చూస్తే ఆ ముక్కాలి పీట మీద కోడలు కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వుకి నేను ఆమెను క్షమించలేదు. ఆమె ఊరు వెళ్ళేదాకా ఆగి, ఆ చప్పుడు ఇంట్లో లేకుండా చేశాను.

ఏ డై పెట్టాలో ఫోన్ చేసి అడగొచ్చు. జిప్పు దగ్గరికి వెళ్ళి వాడి బల్ల మీదే వేసుకోవచ్చు. ఏదీ చేయలేదు. నాకు సుత్తి ఉంది.

"డైలు ఏవి బాబాయ్?" అంది కోడలు.

జిప్పు డబ్బా తీసి బల్ల మీద బోర్లించాడు. "ఇదిగో, ఇదొకటి. ఇది నా బ్యాగుల రింగులకు సరిపోవాలని కొంచెం అరగదీశాను. ఏమనుకోకు. ఇదింకోటి."

చూస్తే రెండూ ఒక్కలాగే ఉన్నాయి. ఆమె రెండోది బిగించింది. జాకెట్టుకి వదులుగా ఉన్న టోపీని వేళ్ళతో లాగింది. సులువుగా వచ్చేసింది. నేను కొట్టింది. అది పక్కన పెట్టి, పాకెట్లోంచి కొత్త జత తీసి గుడ్డకి ఇటూ అటూ పెట్టింది. పిడి కిందికి నొక్కింది. తీసి చూస్తే టోపీ నడుము నలిగిన సత్తు గిన్నెలా ఉంది.

"ఇది ప్యాంటు బటన్లది."

అరగదీసినది బిగించింది. నొక్కింది. ఈసారి టోపీ బాగానే కనబడింది. గోటితో తిప్పింది. తిరిగింది.

"వేలెడంత బటన్ కూడా కాదు, ఇంత చిన్న తేడాకి ఏమవుతుందమ్మా?" అన్నాడు జిప్పు.

ఆమె దాన్ని ఊడదీసి వాడి అరచేతిలో పెట్టింది. "పళ్ళు చూడు బాబాయ్. నిలబడే ఉన్నాయి. పల్లం అరిగిపోయింది కదా, అవి ఎటు ముడుచుకోవాలో వాటికి తెలియదు. మూడో జంట ఏది?"

"మూడోదా?" వాడు బుర్ర గోక్కున్నాడు. తర్వాత నాలుక కరుచుకున్నాడు. "పైముక్క ఈ డబ్బాలోనే ఉండాలి. కిందముక్క... బల్ల ఊగుతోందని కాలి కింద పెట్టానే!"

కోడలు నేల మీద కూర్చుంది. మా అబ్బాయి వంగి బల్ల ఎత్తిపట్టాడు. బల్ల మీద కత్తెర, రింగుల డబ్బా జారి కింద పడ్డాయి. జిప్పు అరిచాడు. ఆమె చెయ్యి పెట్టి ఆ ఉక్కు ముక్క బయటికి తీసింది. కొంగుతో దుమ్ము తుడిచింది. వేలు పెట్టి అంచు తడిమింది. చుట్టూ సన్నటి పల్లం ఉంది. అరగలేదు.

డబ్బాలోంచి పైముక్క వెతికి రెండూ బిగించింది. జత పెట్టింది. నొక్కింది.

టక్.

నేను వీధి వైపు తిరిగాను.

"ఇటు చూడండి మామయ్యా. తిప్పండి."

జాకెట్టు నా ముందుకు చాపింది. గోరు పెట్టి తిప్పాను. తిరగలేదు. గట్టిగా తిప్పాను. గుడ్డ మెలిపడింది కానీ బటన్ కదలలేదు. గోరు విరిగింది.

ఆమె ఇందాక ఊడదీసిన నా టోపీని దాని పక్కన పెట్టింది. రెండు పళ్ళు ఒకవైపుకి పడుకుని ఉన్నాయి. మూడు నిటారుగా ఉన్నాయి. టోపీ మీద ఒక పక్క సన్నటి చంద్రవంక లాంటి నొక్కు. సుత్తి దెబ్బ ఎప్పుడూ ఒక పక్కకే పడుతుంది.

"సుత్తితో కొట్టారు," అంది.

అడగలేదు. చెప్పింది. నేను కాదనలేదు. జిప్పు నోరు మొదటిసారి మూతపడింది.

ఆమె సంచి భుజాన వేసుకుంది. "ప్రెస్సు విప్పి ఇంటికి పంపు బాబాయ్. నువ్వు మళ్ళీ ఇస్తే తీసుకోవడానికి మా ఇంట్లో ఒకళ్ళు ఉన్నారు."

"అయ్యో, ఇప్పుడే విప్పుతానమ్మా. మరి మూటంతా మళ్ళీ..."

"మూట రేపు కూడా ఉంటుంది."

*

ఆసుపత్రి రెండు వీధుల అవతలే. ఆమె ముందు నడుస్తోంది. దారిలో రెండుసార్లు వార్డుకి ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు. మా అబ్బాయి ఆమె పక్కకి పరిగెత్తాడు.

"నేను మాట్లాడతాను సిస్టర్‌తో. ప్రెస్సు పాడైంది, మాకు తెలియలేదు అని చెప్దాం. సామాను తప్పు. మనిషి తప్పని ఎందుకు? నాన్న పరువు..."

ఆమె నడుస్తూనే ఉంది.

"ఎవరికీ ఏమీ కాలేదు కదే!"

"ఇంకా," అంది.

వాడు వెనకబడ్డాడు. నా పక్కకి వచ్చి నడిచాడు. "నాన్నా, నువ్వు ఇంటికి వెళ్ళు. నేను చూసుకుంటాను."

"నువ్వు చూసుకునేదే అయితే ఆ రోజే చూసుకునేవాడివి," అన్నాను. వాడి మొహం మాడిపోయింది. తప్పు నాది, మాట వాడికి. అయినా వెనక్కి తీసుకోలేదు.

వార్డు వసారాలో మందుల వాసన. తడి గచ్చు. లోపల ఎవరో పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. పెద్ద నర్సు గాజు తలుపు పక్కన బల్ల దగ్గర రాసుకుంటోంది. గోడ గడియారంలో పదకొండున్నర దాటింది.

మమ్మల్ని చూసి కలం ఆపింది. కోడలి వైపు చూసింది. "ఏమైందమ్మా?"

కోడలు పక్కకి జరిగింది. ఆమె వెనక నేనున్నాను.

"నేను చెప్తే కోడలు మామ మీద చాడీ చెప్పినట్టుంటుంది సిస్టర్. ఆయనే చెప్తారు."

నన్ను చూడలేదు. గోడ వైపు చూస్తూ నిలబడింది. ముప్ఫై ఏళ్ళు ఎవరి ముందూ తల వంచని మాస్టర్ని, ఒక బల్ల ముందు ముగ్గురు మనుషుల మధ్య నిలబడ్డాను. ఇద్దరు ఆయాలు బకెట్లు దించి వింటున్నారు.

"ఇరవై అయిదు నుంచి అరవై దాకా నావి," అన్నాను. "ప్రెస్సు మీద వేయలేదు. సుత్తితో కొట్టాను. ఒక్కటని అబద్ధం చెప్పాను. అన్నీ ఊడతాయి."

నర్సు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. సొరుగు లాగి రిజిస్టరు తీసింది. వేలు పెట్టి చూసింది.

"ఇంటికెళ్ళినవి తొమ్మిది, ఇరవై ఏడు, ముప్ఫై మూడు, నలభై ఒకటి, నలభై ఎనిమిది, యాభై రెండు."

"తొమ్మిది నాది సిస్టర్. అది గట్టిది," అంది కోడలు.

"అయితే అయిదు."

బల్ల మీది ఫోన్ దగ్గరికి లాక్కుంది. రాసుకోవడానికి చెయ్యి ఖాళీగా ఉండాలని స్పీకరు పెట్టింది.

ఇరవై ఏడు. ఎవరో తాతగారు ఎత్తారు. జాకెట్టు ఉతికి ఆరేశారట. మళ్ళీ వేయొద్దంది. ముప్ఫై మూడు. బిగుతైపోయిందని ఎవరికో ఇచ్చేశారు. ఎవరికో కనుక్కుని పది నిమిషాల్లో చెప్తామన్నారు. చెప్పారు కూడా. అక్కడ బటన్లు నాలుగూ ఉన్నాయి. కత్తిరించి పారేయమంది. నలభై ఒకటి తల్లి ఏడుపు మొదలుపెట్టింది. బిడ్డ ఒంటి మీది జాకెట్టు తీయించేదాకా నర్సు మాట్లాడుతూనే ఉంది. నలభై ఎనిమిదిలో ఒకటి వేలాడుతోంది. ఊడలేదు.

ప్రతి ఫోన్ తర్వాతా ఆవిడ రిజిస్టర్లో ఒక గీత గీసింది. మా అబ్బాయి గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

యాభై రెండు. చాలాసేపు మోగింది. ఆగిపోయింది. మళ్ళీ చేసింది.

"హలో?" ఆడగొంతు. పల్చగా, నిద్రలో నుంచి లేచినట్టు ఉంది.

"అమ్మా, పిల్లల వార్డు నుంచి. మేమిచ్చిన తెల్ల జాకెట్టు ఉందా?"

"ఉందండీ. ఇప్పుడు అదే వేశాను. మెత్తగా ఉంటుందని రోజూ అదే..."

"ముందు వైపు బటన్లు ఎన్ని ఉన్నాయో చూసి చెప్పు. నాలుగుండాలి."

"పడుకుందండీ. ఇప్పుడే..."

"చూడమ్మా."

చెప్పుల చప్పుడు. తలుపు కిర్రుమంది. ఫోన్ చేత్తో పట్టుకునే వెళ్ళింది. ఆమె ఊపిరి మాకు వినబడుతోంది.

"ఒకటి... రెండు... మూడు. మూడే ఉన్నాయండీ. పైది లేదు." కాస్త ఆగింది. "అదేంటి? పదింటికి స్నానం చేయించి నేనే వేశాను. నాలుగూ నేనే పెట్టాను."

పదింటికి ఉంది. ఎనిమిదిన్నరకి ఈ నర్సు నా బల్ల ముందు నిలబడి ఒక్క మాట అడిగింది.

కోడలు మొదటిసారి నా వైపు తిరిగింది. ఆ కళ్ళలో కోపం ఉంటుందనుకున్నాను. లేదు. లెక్క కట్టడం అప్పటికే అయిపోయింది.

నర్సు లేచి నిలబడింది. ఫోన్ మీదికి వంగింది. "పాప దగ్గిందా అమ్మా? పొద్దుట్నుంచి?"

"ఇందాక రెండుసార్లు దగ్గిందండీ. పాలు తాగలేదు. అలాగే పడుకుండిపోయింది. ఎందుకండీ?"

"లేపు. ఇప్పుడే, నాకు వినబడేట్టు లేపు. ఏడవాలి. పాప ఏడవడం నాకు వినబడాలి."

ఫోన్ ఎక్కడో పెట్టిన చప్పుడు. తర్వాత ఆ తల్లి గొంతు, దూరంగా, మెల్లగా పిలుస్తోంది. పాపా. పాపా. బంగారూ. మూడోసారికి గొంతు పెరిగింది.

ఆయాలు బకెట్లు అక్కడే వదిలి బల్ల దగ్గరికి వచ్చారు. లోపల గుక్కపట్టి ఏడుస్తున్న పిల్ల కూడా అప్పుడే ఊరుకుంది. నర్సు ఒక చెయ్యి రిజిస్టరు మీద పెట్టి, రెండో చేత్తో అంబులెన్సువాడిని పిలవమని ఎవరికో సైగ చేసింది.

ఫోన్లో ఆ తల్లి ఇంకా పిలుస్తూనే ఉంది.